ఫ్లూ సూదిమందు: అనుభవము, లెక్క

వానకాలమున ఎవరికి ఒళ్ళు వెచ్చబడినను, ముక్కు కారినను "ఫ్లూ పట్టినది" అనుట మనకు అలవాటైపోయినది. వీనిలో చాలభాగము ఫ్లూ కాదు. పడిశమును కలిగించు వైరసులు రెండువందలకు పైగా కలవు. అవి ముక్కుతో మొదలుపెట్టి, నెమ్మదిగా గొంతులోనికి దిగి, నాలుగు దినములు చికాకుపరచి పోవును. ఇన్‌ఫ్లుయెంజా అట్లు రాదు. ఉదయము బాగుగనున్న మనిషి సాయంత్రమునకు మంచమెక్కును. నూటరెండు, నూటమూడు డిగ్రీల జ్వరము, తలనొప్పి, ఒళ్ళంతయు విరిచివేసినట్లు నొప్పులు, పొడిదగ్గు ఒక్కసారిగా వచ్చిపడును. జ్వరము మూడు నాలుగు దినములలో విడిచినను నీరసము, దగ్గు రెండు వారములు వదలవు. ఏ పూట జబ్బుపడితిరో మీరు ఖచ్చితముగా చెప్పగలిగిన యెడల అది ఫ్లూ కావచ్చునని అనుమానింపవచ్చును. కాని నిశ్చయముగా తెలియవలెనన్న ముక్కునుండి, గొంతునుండి తీసిన స్రావమును పరీక్షింపవలసినదే.

నేను ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించువాడను. 2023 ఆగస్టులో ఒక బుధవారము మధ్యాహ్నము తొమ్మిదవ తరగతికి పాఠము చెప్పుచుండగా ఉన్నట్టుండి చలి పుట్టినది. బయట ముసురు, కిటికీలు మూసి ఉన్నవి, గదిలో ఆ వారమంతయు ఎవరో ఒకరు దగ్గుచునే ఉండిరి. ఆ గంట ఎట్లో ముగించి ఉపాధ్యాయుల గదిలో బల్లమీద తల వాల్చితిని. ఒక సహోపాధ్యాయుడు స్కూటరు మీద ఇంటికి చేర్చెను. గురు, శుక్రవారములు నేను మంచము దిగలేదు. శనివారము మా అమ్మకు దగ్గు మొదలైనది.

ఆమెకు అప్పటికి డెబ్బదినాలుగేండ్లు. చిరకాలముగా ఉబ్బసము కలదు. ఆదివారము రాత్రికి ఒక మాట పూర్తిచేయుటకు మధ్యలో రెండుమార్లు ఊపిరి తీసికొనవలసి వచ్చుచుండెను. ఆసుపత్రికి తీసికొనిపోతిమి. పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా 'ఎ' అని తేలినది. తొమ్మిది దినములు ప్రాణవాయువు పెట్టిరి. ఇంటికి వచ్చిన తరువాత వాకిట ముగ్గు పెట్టుటకు ఆమెకు మరి రెండు నెలలు పట్టినది.

ఆ తొమ్మిది దినములును ఆసుపత్రి వరండాలో కూర్చుండి నేనొక లెక్క వేసికొనుచుంటిని. ఫ్లూ సోకినవాడు తనకు జ్వరము తెలియుటకు ఒక దినము ముందునుండియే ఇతరులకు దానిని అంటింపగలడు. సోకిన తరువాత రోగము బయటపడుటకు ఒకటినుండి నాలుగు దినములు పట్టును, సామాన్యముగా రెండు. నేను జబ్బుపడినది బుధవారము. మంగళవారము రాత్రి అమ్మ ప్రక్కన పీట వేసికొని అన్నము తింటిని. ఆ తరువాత నాకు కషాయము కాచి ఇచ్చినది ఆమెయే. ఎటునుండి కూడినను లెక్క నా దగ్గరకే వచ్చుచుండెను.

సూదిమందు సంగతి నాకు తెలియనిది కాదు. 2022 జూన్‌లో మా లెక్కల మాస్టారు ఫ్లూ సూది వేయించుకొనిరి. పది దినములు గడువకమునుపే ఆయనకు జ్వరము, దగ్గు వచ్చినవి. తిరిగి బడికి వచ్చిననాడు "డబ్బు పోసి జబ్బు కొనుక్కున్నానండీ" అనిరి. అందరము నవ్వితిమి. వెంటనే మరియొకరు "నేను ఏ సూదీ వేయించుకోలేదు, పదేళ్ళుగా నాకేమీ కాలేదు" అనిరి. ఈ రెండు మాటలతో మా గదిలో కూర్చున్న పదునలుగురి నిర్ణయమును జరిగిపోయినది. సైన్సు మాస్టరునైన నేనును తల ఊపితిని.

ఆ ఇద్దరును అబద్ధమాడలేదు. వారి అనుభవము నిజమే. అయినను దానినిబట్టి నిర్ణయమునకు వచ్చుట తప్పు. ఎందుచేతనో చూపుటకు ముందు ఈ వైరసు స్వభావమును, సూదిమందు తయారగు విధమును కొంత తెలిసికొనవలెను.

వైరసు, దాని మారువేషములు

ఒక మిల్లీమీటరును పదివేల భాగములు చేసినచో ఒక్కొక్క భాగము ఎంత ఉండునో, ఫ్లూ వైరసు ఇంచుమించు అంత ఉండును. దాని ఉపరితలము మీద రెండు రకముల మొలకలు నిక్కబొడుచుకొని ఉండును. ఒక దానిపేరు హీమాగ్లుటినిన్. వైరసు మన శ్వాసమార్గపు కణములకు అంటుకొనుట దీని మూలముననే. రెండవది న్యూరామినిడేస్. కణములో తయారైన క్రొత్త వైరసులను విడిపించి బయటికి పంపునది ఇది. పత్రికలలో మీరు చూచు 'హెచ్1 ఎన్1', 'హెచ్3 ఎన్2' అను గుర్తులు ఈ రెండు మొలకల రకములను తెలుపునవే. మన శరీరము వైరసును గుర్తుపట్టుటయు ముఖ్యముగా ఈ మొలకలనుబట్టియే. ఒకమారు చూచిన మొలకకు సరిపడు ప్రతిరక్షకములను, అనగా దానికి అడ్డుతగులు ప్రోటీనులను, రక్తము తయారుచేసికొని సిద్ధముగా ఉంచుకొనును.

చిక్కంతయు ఆ మొలకలు ఒక్కతీరున నిలువకపోవుటలో ఉన్నది. ఫ్లూ వైరసు జన్యుపదార్థము ఆర్.ఎన్.ఎ. అది ఎనిమిది ముక్కలుగా ఉండును. కణములో చేరి తన ప్రతులను తీయించుకొనునప్పుడు, సరిచూచుకొనక ఎత్తివ్రాయు విద్యార్థివలె తరచుగా తప్పులు చేయును. ఆ తప్పులవలన మొలకల ఆకారము ఏటేటా కొద్దికొద్దిగా మారుచుండును. నిరుటి ప్రతిరక్షకములు ఈ ఏటి వైరసును పోల్చుకొనీ పోల్చుకొనలేని స్థితి వచ్చును. మసూచికి, తట్టుకు ఇట్టి గుణము లేదు. అందుచేతనే వాని టీకాలు ఏటేటా అవసరము కాలేదు.

ఇంకొక మార్పు కలదు. అది అరుదుగా జరుగును గాని జరిగినచో ప్రపంచమునంతటిని కుదుపును. రెండు భిన్నమైన ఫ్లూ వైరసులు ఒకే ప్రాణి కణములో తటస్థపడినప్పుడు తమ ఎనిమిది ముక్కలలో కొన్నింటిని ఇచ్చిపుచ్చుకొనవచ్చును. 1957లో పుట్టిన వైరసు అట్టిదే. దానిలో మూడు ముక్కలు పక్షుల వైరసునుండి వచ్చినవి. మనుష్యజాతిలో చాలమందికి దాని ఎదుట రక్షణ లేకపోయినది. చైనాలో బయలుదేరి, సింగపూరు వైపునుండి వచ్చిన ఓడ ప్రయాణికులతో 1957 మే నెలలో మద్రాసు రేవున దిగినది. 1958 ఫిబ్రవరి నాటికి మన దేశమున లెక్కకు వచ్చిన రోగులే 44 లక్షలకు పైన. లెక్కకు రానివారు ఇంకెందరో! మా అమ్మకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఇంటిల్లిపాదియు ఒకేసారి పడకవేయగా ఎదురింటివారు గంజి కాచి గుమ్మములో పెట్టిపోయెడివారని ఇప్పటికిని చెప్పును.

అంతకుముందు వచ్చిన 1918నాటి ఉపద్రవముతో పోల్చిన ఇది స్వల్పము. ఆ సంవత్సరము జూన్‌లో బొంబాయిలో మొదలై రైలుమార్గముల వెంబడి దేశమంతయు ప్రాకినది. ఆ యేటి చివరి నెలలలో వచ్చిన రెండవ తరంగము అతి క్రూరమైనది. మన దేశమున ఒక కోటికి పైగా మరణించిరని అంచనా. 1921 జనాభా లెక్కలలో దేశ జనసంఖ్య 1911 నాటికంటె తగ్గినది. మరే దశాబ్దమునను అట్లు జరుగలేదు. అప్పటికి ఈ రోగకారణము వైరసని ఎవరికిని తెలియదు. 1933లో లండనులో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను ముగ్గురు శాస్త్రజ్ఞులు రోగుల గొంతు కడిగిన నీటిని వడగట్టి, ముంగిసను పోలిన ఫెర్రెట్ అను జంతువుల ముక్కులలో వేసి వానికి ఫ్లూ రప్పించిరి. బాక్టీరియా దాటలేని వడపోతను ఆ రోగకారకము దాటిపోవుటచేత అది వైరసని తేలినది. తరువాత ఒక ఫెర్రెట్ పరిశోధకుని ముఖము మీద తుమ్మగా ఆయనకును ఫ్లూ వచ్చినది. శాస్త్రజ్ఞులకు అంతకంటె రుజువేమి కావలెను?

సూదిమందులో ఏమున్నది?

ఫ్లూ వైరసు కోడిగ్రుడ్డులోని పిండము చుట్టునున్న ద్రవములో చక్కగా పెరుగునని 1930 తరువాతి పరిశోధనలలో తెలిసినది. నేటికిని ప్రపంచమున తయారగు ఫ్లూ టీకాలో అధికభాగము గ్రుడ్లలో పెంచినదే. అట్లు పెంచిన వైరసును రసాయనములతో చంపి, ముక్కలు చేసి, మొలకలతో కూడిన భాగమును శుద్ధిచేసి సూదిమందుగా నింపుదురు. చచ్చి ముక్కలైన వైరసు తిరిగి లేచి ఫ్లూ కలిగింపజాలదు. ముక్కులో చల్లు మరియొక రకము టీకా కలదు. అందులోనిది బలహీనపరచిన సజీవ వైరసు. మనము మాటాడుచున్నది సూదిమందును గురించి.

అమెరికాలో 1945లో ఈ టీకాను పౌరులకు అనుమతించిరి. రెండేండ్లకే, 1947లో, అది పనిచేయలేదు. వైరసు అంతగా మారిపోయి ఉండెను. ఏ దేశమున ఏ రకము తిరుగుచున్నదో నిత్యము గమనింపనిది ఈ టీకా నిరర్థకమని అప్పుడు బోధపడినది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందుకొక పరిశీలనా వ్యవస్థను ఏర్పరచినది. మన కూనూరులోని పాశ్చర్ సంస్థ 1957లో ఆ పనియే చేసినది. ఇప్పటికిని ఏటేటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకు, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకు ఏయే రకములను టీకాలో చేర్చవలెనో నిపుణులు కూడి నిర్ణయింతురు. గ్రుడ్లలో పెంచి సీసాలకు ఎక్కించుటకు ఆరు నెలలు పట్టును గనుక, వారు చెప్పునది ఆరు నెలల ముందటి ఊహ. ఊహ కుదిరిన సంవత్సరములలో టీకా వేయించుకొన్నవారికి ఫ్లూతో వైద్యుని వద్దకు పోవలసిన అవకాశము నూటికి నలుబదినుండి అరువది వంతుల వరకు తగ్గును. కుదరని యేడు ఇంకను తక్కువ. మసూచి టీకా వంటి కోటగోడ కాదిది. ఈ మాటను దాచి ప్రచారము చేయుటవలననే సగము అపనమ్మకము పుట్టినదని నా అభిప్రాయము.

ఒక చిత్రమైన సంగతి. కొన్నేండ్లుగా టీకాలో నాలుగు రకముల వైరసులు ఉండెడివి: 'ఎ' జాతివి రెండు, 'బి' జాతివి రెండు. 'బి'లో యమగాటా అను శాఖ 2020 మార్చి తరువాత ప్రపంచమున ఎక్కడను నిశ్చయముగా కనబడలేదు. కోవిడ్ భయముతో మనుష్యులు ముఖములు కప్పుకొని ఇండ్లలో కూర్చున్న కాలమున అది అంతరించి ఉండవచ్చును. అందుచేత దానిని విడిచి మూడు రకముల టీకాయే చాలునని నిపుణులు 2023లో సలహా ఇచ్చిరి.

నల్లబల్లమీద నూరు గళ్ళు

ఇప్పుడు మా ఉపాధ్యాయుల గదిలోని రెండు సాక్ష్యములకు వత్తము. అమ్మ కోలుకొన్న తరువాత తొమ్మిదవ తరగతిలో నేను చేసిన పని ఇది. ఉపాధ్యాయ మిత్రులు తమ తరగతులలోను చేసి చూడవచ్చును. సుద్దముక్క తప్ప వేరొక పరికరము అక్కరలేదు.

నల్లబల్లమీద ఎడమవైపు నూరు గళ్ళు, కుడివైపు నూరు గళ్ళు గీసితిని. ఎడమవైపువారు సూది వేయించుకొననివారు, కుడివైపువారు వేయించుకొన్నవారు. ఒక వానకాలములో వేయించుకొననివారిలో నూటికి పదిమందికి ఫ్లూ వచ్చునని లెక్క కొరకు అనుకొంటిమి. టీకా దానిని సగమునకు తగ్గించుననుకొంటిమి. ఎడమవైపు పది గళ్ళను, కుడివైపు అయిదు గళ్ళను నింపితిని.

"ఇప్పుడు ఒక్కొక్కరిని లేచి తమ అనుభవము చెప్పమనండి" అంటిని. ఎడమవైపున తొంబదిమంది లేచి "నేను వేయించుకోలేదు, నాకేమీ కాలేదు" అందురు. కుడివైపున అయిదుగురు లేచి "వేయించుకున్నాను, అయినా ఫ్లూ వచ్చింది" అందురు. మొత్తము తొంబదియైదుగురి సాక్ష్యము టీకాకు వ్యతిరేకము! అందరును నిజమే చెప్పిరి. అయినను టీకా ఫ్లూను సగమునకు తగ్గించినది. మనమే అట్లు లెక్క కట్టితిమి గదా.

అప్పుడొక బాలిక లేచి "మాస్టారూ, టీకా వలన తప్పించుకున్న ఆ అయిదుగురూ ఎవరండీ?" అని అడిగినది. ఈ ప్రశ్న నాకు తట్టలేదు. కుడివైపున బాగుగనున్నవారు తొంబదియైదుగురు. వారిలో తొంబదిమందికి సూది లేకున్నను ఏమియు అయ్యెడిది కాదు. మిగిలిన అయిదుగురు ఫలమును పొందినవారు. వారెవరో మనకు తెలియదు, వారికిని తెలియదు. రాని జ్వరమును ఎవడును అనుభవింపడు. నొప్పిపుట్టిన భుజము మాత్రము అందరికిని గుర్తుండును. టీకా హాని ఒక మనిషికి కనబడును. మేలు కనబడవలెనన్న గుంపును లెక్కింపవలెను.

మా లెక్కల మాస్టారి జ్వరమో? దానిని ఎవరును పరీక్షింపలేదు. అది వేరొక పడిశపు వైరసు కావచ్చును. ఫ్లూ సూది దానికి అడ్డు కాదు. ఫ్లూయే అయినను ఆశ్చర్యము లేదు. టీకా వలన రక్షణ కలుగుటకు సుమారు రెండు వారములు పట్టును. ఆయన పదవ దినముననే జబ్బుపడిరి. సూది వలననే జ్వరము వచ్చునా అని శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. కొందరికి టీకాను, కొందరికి ఉప్పునీటిని, ఎవరికేదో తెలియకుండ వేసి చూచిరి. భుజము నొప్పి టీకావారికి ఎక్కువ. జ్వరము, దగ్గు రెండు గుంపులలోను ఇంచుమించు సమానము. సూది తరువాత ఒకటి రెండు దినములు ఒళ్ళు వెచ్చబడుట కొందరికి ఉండును గాని అది ఫ్లూ కాదు. జూన్ నెలలో వేయి మందికి ఉప్పునీరు పొడిచినను పదిమందికైనను మరుసటి వారము దగ్గు రాకపోదు.

అయినచో హాని బొత్తిగా లేదా? ఉన్నది; చెప్పవలెను. 1976లో అమెరికాలో పందులనుండి వచ్చిన ఫ్లూ వ్యాపించునన్న భయముతో నాలుగు కోట్లమందికి పైగా హడావుడిగా టీకా వేసిరి. భయపడిన రోగము వ్యాపింపలేదు. కాని టీకా వేయించుకొన్నవారిలో ఇంచుమించు లక్షకొకరికి గియాన్ బారే అను నరముల జబ్బు, దానివలన కాళ్ళుచేతుల బలహీనత, కలిగినది. కార్యక్రమమును ఆ డిసెంబరులోనే నిలిపివేసిరి. తరువాతి టీకాలలో ఈ జబ్బు బొత్తిగా లేకుండుటయో, పది లక్షలకు ఒకటి రెండుగా మాత్రమే ఉండుటయో జరిగినది. ఫ్లూ రోగము వలన సైతము ఇదే జబ్బు రావచ్చునని గుర్తుంచుకొనవలెను. మునుపు ఇదే టీకాతో తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు, గియాన్ బారే వచ్చినవారు వైద్యుని అడుగక వేయించుకొనరాదు.

మన వానలు, మన నిర్ణయము

శీతల దేశములలో ఫ్లూ చలికాలపు రోగము. వారు అక్టోబరులో సూది వేయించుకొందురు. వారి పత్రికలు చదివి మనమును అక్టోబరుదాక ఆగినచో వానకాలపు ఫ్లూ వచ్చి పోయియే ఉండును. ఢిల్లీనుండి దక్షిణమున మన దేశమున ఎక్కువగా జూలైనుండి సెప్టెంబరు వరకు వానలతోపాటు ఇది విజృంభించును. శ్రీనగరమున మాత్రము చలికాలమే. జనవరి నుండి మార్చి వరకు మనకు రెండవ విడత కూడ ఉండును. కనుక ఏప్రిల్, మే నెలలు మనకు తగిన కాలము. రక్షణ కొన్ని నెలలలో సన్నగిల్లును, వైరసును మారును, మరుసటి యేడు మరల వేయించుకొనవలసినదే.

అరువది దాటిన వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, అయిదేండ్లలోపు పిల్లలు, రోగులను తాకి పనిచేయు వైద్యసిబ్బంది ముందుగా ఆలోచింపవలసినవారు. ఆరు నెలలు నిండని శిశువులకు ఈ టీకా లేదు. తల్లి గర్భవతిగానున్నప్పుడు వేయించుకొన్నచో శిశువునకు కొంత రక్షణ లభించును. ప్రభుత్వము పిల్లలకు ఉచితముగా వేయు సార్వత్రిక టీకాల పట్టికలో ఇది లేదు. సొంత ఖర్చు పెట్టుకొనవలెను. నాకు ఒక్కొక్క సూదికి పదిహేను వందల పైన పడినది. నలుగురున్న ఇంటికి అది చిన్న మొత్తము కాదు. ఒక్కరికే కొనగలిగినచో ఎవరికి కొనవలెనన్నది నిజమైన ప్రశ్న. ఆరోగ్యవంతుడైన యువకుడు వేయించుకొనకున్నచో అతనిని నేను తప్పుపట్టను.

జబ్బుపడినవారికి రెండు మాటలు. బాక్టీరియాను చంపు యాంటిబయాటిక్ మాత్రలు వైరసును ఏమియు చేయజాలవు. ఫ్లూకు ఒసెల్టమివిర్ అను మందు కలదు. జ్వరము వచ్చిన రెండు దినములలోపు వైద్యుడు మొదలుపెట్టినచో మేలు. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు. అన్నింటికంటె ముఖ్యముగా, జ్వరముతో బడికి రాకూడదు. ఈ నియమము హాజరుపట్టీ పట్టుకొని కూర్చున్న మాబోటివారికి మొదట వర్తింపవలెను.

2024 మే నెలలో అమ్మను సూదికి రమ్మని అడిగితిని. "డెబ్భై అయిదేళ్ళు వచ్చాయి, ఇంకా నాకెందుకురా? నువ్వు వేయించుకో" అనెను. ఆమె మాటలోను కొంత శాస్త్రము లేకపోలేదు. వయస్సు మళ్ళినవారి శరీరము టీకాకు అంత చురుకుగా స్పందింపదు. వారి చుట్టునున్నవారు వేయించుకొనుట వారికి రెండవ రక్షణ. కాని ఆమె గడిలో రోగము పడినచో దాని ఖరీదు ఎంతో నేను వరండాలో కూర్చుండి చూచినవాడను. బడిలో గీసిన గళ్ళను కాగితము మీద మరల గీసి చూపితిని. ఆమె కళ్ళజోడు పెట్టుకొని చాలసేపు చూచి, "సరే, ఇద్దరం వేయించుకుందాం పద" అనెను.

ఆ యేడు వానకాలమున మాకు ఇద్దరికిని ఫ్లూ రాలేదు. అది సూదిమందు మహిమయని నేను చెప్పజాలను. మేము ఏ గళ్ళవారమో మాకును తెలియదు. అమ్మకు మాత్రము రెండు దినములు భుజము నొప్పిపుట్టినది. మూడవనాడు కాఫీ అందించుచు, "ఇంతకీ ఈ నొప్పి నీ లెక్కలో ఏ గడిలో వేశావురా?" అని అడిగినది.